కొత్త స్కాన్లలో రోగి దాకా వచ్చినవి ఏవి?

మీరు అడిగినవి రెండు. ‘సంచలన స్కానర్’, ‘డాక్టర్ కంటే ముందే క్యాన్సర్‌ను పట్టే ఏఐ’ అంటూ వారం వారం వార్తలు వస్తున్నాయి కదా, వాటిలో నిజంగా రోగి దాకా, చికిత్స దాకా చేరినవి ఏవి అన్నది ఒకటి. ఇంట్లో ఎవరికైనా స్కాన్ రాసిస్తే సరికొత్త మెషీన్ ఎక్కడుందో వెతుక్కుని వెళ్లాలా అన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్లుగా రేడియాలజీలో ఉన్నాను. ఫిల్ములు లైటు పెట్టెకు తగిలించి చదివే రోజులు అయిపోవస్తున్న కాలంలో చేరాను. ఇప్పుడు నేను తెర ముందు కూర్చునేలోపే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను చూసేసి ఉంటోంది.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది, చివర్లో చెబుతాను. మొదటిదానికి నా దగ్గర ఒక గీటురాయి ఉంది. ఆ బొమ్మ చూశాక వైద్యం మారిందా? చూడకముందు ఏ మందు ఇవ్వాలనుకున్నారో చూశాక కూడా అదే ఇస్తే, ఏ ఆపరేషన్ అనుకున్నారో అదే చేస్తే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది ఇంకా ప్రయోగశాల వస్తువే. ఈ గీటురాయి మీద పెడితే పెద్ద పెద్ద వార్తలు చాలా రాలిపోతాయి. మీరు ఎన్నడూ విననివి కొన్ని నిలబడతాయి.

పక్షవాతం సంగతే తీసుకోండి. నా కళ్ల ముందు మారిపోయిన వైద్యం అది. మెదడులోని రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళమైతే తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేయవచ్చని 2015లో వచ్చిన ట్రయల్స్ తేల్చాయి, ప్రధానంగా 6 గంటల్లోపు వచ్చినవాళ్లకు. అంటే అంతా గడియారం మీద నడిచే వ్యవహారం. మరి రాత్రి బాగానే పడుకుని, తెల్లారి లేచేసరికి చేయి ఎత్తలేని మనిషి సంగతేమిటి? గడ్డ ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు కాబట్టి, ‘చివరిసారి బాగున్నది ఎప్పుడు’ అని అడిగి, రాత్రి పది అని రాసుకుని, టైము దాటిపోయిందని పక్కన పెట్టేసేవాళ్లం. అలాంటి రిపోర్టులు నేనూ ఎన్నో రాశాను.

దీన్ని మార్చింది పర్‌ఫ్యూజన్ స్కాన్. చేతి నరంలోకి కాంట్రాస్ట్ అనే రంగుమందు ఎక్కిస్తూ, అదే మెదడును ఒకటి రెండు సెకన్లకోసారి, దాదాపు నిమిషంపాటు తీస్తూనే ఉంటారు. ఏ చోటికి రంగుమందు ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎంత వచ్చింది అని ప్రతి చుక్కకూ లెక్క కడతారు. రక్తప్రవాహం మామూలులో 30 శాతం కంటే కిందికి పడిపోయిన చోటు చనిపోయినట్టు లెక్క. మందు రావడం 6 సెకన్లకు మించి ఆలస్యమైన చోటు కొన ఊపిరితో ఉన్నట్టు లెక్క. చనిపోయిన భాగం చిన్నది, కొన ఊపిరితో ఉన్న భాగం పెద్దది అయితే గడ్డ తీయడం వల్ల లాభం ఉంటుంది, గడియారం ఏమన్నా సరే.

2018లో అచ్చయిన రెండు ట్రయల్స్ దీన్ని పరీక్షించాయి. డాన్ అనే ట్రయల్ 6 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 206 మందిని తీసుకుంది. గడ్డ తీసినవాళ్లలో 90 రోజుల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు 49 శాతం, తీయనివాళ్లలో 13 శాతం. డిఫ్యూజ్-3 అనే రెండోదానిలో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చిన 182 మందిలో 45, 17 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో రెండింటినీ అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. మా రంగంలో ఇంత పెద్ద తేడా చూడటం చాలా అరుదు.

ఒక తెల్లవారుజామున మా దగ్గరికి అలాగే నిద్రలోంచి లేచిన ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. మాట లేదు, కుడి చేయి లేదు. మ్యాప్ తెర మీదికి వచ్చింది: గులాబీ రంగులో చనిపోయిన భాగం పది మిల్లీలీటర్ల చిల్లర, ఆకుపచ్చలో ప్రమాదంలో ఉన్నది దానికి తొమ్మిది రెట్లు. ఫోన్ తీసి న్యూరాలజిస్టుకు ఆ రెండు అంకెలు చెప్పాను. ఆయన ‘సరే’ అని పెట్టేశారు. అంతే సంభాషణ. అయిదేళ్ల ముందైతే అదే మనిషికి, అదే మెదడుకు, నేను వేరే మాట చెప్పి ఉండేవాణ్ని.

ఇందులో నాకు నచ్చేదేమిటంటే, ఇక్కడ కొత్త యంత్రం ఏదీ లేదు. సీటీ మెషీన్ పాతదే, పర్‌ఫ్యూజన్ అనే ఆలోచనా పాతదే. నిమిషాల్లో నమ్మకంగా లెక్క కట్టే సాఫ్ట్‌వేర్, ఆ లెక్కను నమ్మి రోగులను చేర్చుకున్న ట్రయల్, ఈ రెండే కొత్తవి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చనిపోయిన భాగం పెద్దదిగా ఉన్నవాళ్లకు గడ్డ తీయడం దండగ అని అదే బొమ్మను చూపించి కొన్నేళ్లు వదిలేశాం. 2022, 2023లలో జపాన్‌లోనూ, చైనాలోనూ, ఇతర చోట్లా జరిగిన ట్రయల్స్ అలాంటివాళ్లలోనూ చాలామందికి లాభం ఉందని చూపించాయి. బొమ్మ తలుపు తెరిచింది, అదే బొమ్మ కొందరికి తలుపు మూసింది కూడా.

ఎమ్మారైలోనూ ఇలాంటి కిటుకే ఉంది. అందులో బొమ్మ తీసే ఒక్కో పద్ధతిని సీక్వెన్స్ అంటారు. డిఫ్యూజన్ అనే సీక్వెన్స్‌లో దెబ్బతిన్న చోటు నిమిషాల్లోనే తెల్లగా వెలుగుతుంది. ఫ్లెయిర్ అనే ఇంకో సీక్వెన్స్‌లో అది కనపడటానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే, పక్షవాతం వచ్చి ఎక్కువసేపు కాలేదన్నమాట. రోగి చెప్పలేని టైమును మెదడే చెబుతుంది. 2018లోనే వచ్చిన ఒక యూరప్ ట్రయల్ ఈ ఆధారంతో మందు ఇచ్చి లాభం చూపించింది.

ఇక యంత్రాల దగ్గరికి వద్దాం. 1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీలో మొదటి రోగిని స్కాన్ చేశారు. 80 గళ్లు అడ్డం, 80 గళ్లు నిలువు, అంతే బొమ్మ. అప్పటినుంచి యాభై ఏళ్లలో గళ్లు పెరిగాయి, వేగం పెరిగింది. కానీ డిటెక్టర్ పనిచేసే తీరు మూలంలో పెద్దగా మారలేదు. ఎక్స్‌రే వచ్చి ఒక స్ఫటికాన్ని తాకితే అది వెలుగుగా మారుతుంది, ఆ వెలుగు కరెంటుగా మారుతుంది, ఆ కరెంటు మొత్తాన్ని కొలుస్తారు. సాయంత్రం గల్లాపెట్టె తూకం వేసి ఇవాళ్టి వ్యాపారం ఇంత అని చెప్పినట్టు ఉంటుంది ఆ పద్ధతి. ఎన్ని నోట్లు, ఏ విలువవి అన్నది తెలియదు.

ఫోటాన్ కౌంటింగ్ సీటీలో ప్రతి నోటునూ విడిగా లెక్కపెడతారు. కాడ్మియం టెల్యురైడ్ లాంటి అర్ధవాహకం మీద పడిన ప్రతి ఫోటాన్ నేరుగా ఒక చిన్న విద్యుత్ పల్స్ అవుతుంది. పల్స్ ఎత్తును బట్టి దాని శక్తి ఎంతో తెలుస్తుంది. దాంతో మూడు పనులు జరుగుతాయి. యంత్రంలో పుట్టే చిల్లర రొదను ఒక గీత కింద కోసేయవచ్చు, కాబట్టి తక్కువ రేడియేషన్‌తో బొమ్మ నిలబడుతుంది. వెలుగుగా మారే మజిలీ లేదు కాబట్టి గళ్ల మధ్య అడ్డుగోడలు అక్కర్లేదు, 0.2 మిల్లీమీటర్ల దాకా వివరం వస్తుంది. శక్తిని బట్టి వేరు చేయగలం కాబట్టి కాంట్రాస్ట్‌లోని అయోడిన్ ఏదో, సున్నం (కాల్షియం) ఏదో విడదీయవచ్చు. ఈ రకం మొదటి పూర్తి శరీర స్కానర్‌కు అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది.

వైద్యం మారుతుందా? కొన్నిచోట్ల, అవును. గుండె నాళాల్లో సున్నం బాగా పేరుకున్నవాళ్లకూ, స్టెంట్ వేసినవాళ్లకూ మామూలు సీటీలో ఆ తెల్లటి మెరుపు చుట్టూ పూసినట్టు పరుచుకుని నాళం పూర్తిగా మూసుకుపోయినట్టు కనపడుతుంది. అలాంటప్పుడు ‘చెప్పలేం, యాంజియోగ్రామ్ చేయండి’ అని రాయక తప్పదు. కొత్త డిటెక్టర్‌తో ఆ మాట రాయాల్సిన అవసరం తగ్గుతోంది. చెవి లోపలి చిన్న ఎముకలకు కూడా చాలా మంచిది. కడుపునొప్పితో వచ్చిన మనిషికి అపెండిక్స్ వాచిందా లేదా చూడటానికి మాత్రం పాత మెషీన్ చాలు.

ఆ మాటకొస్తే గుండె సీటీలో నన్ను ఎక్కువ కదిలించింది స్కాట్లండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్ ట్రయల్. ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలు, మిగతా సగానికి వాటితోపాటు గుండె సీటీ. అయిదేళ్లలో గుండెపోటు గానీ, గుండె నాళాల జబ్బుతో మరణం గానీ మామూలు వైపు 3.9 శాతం, సీటీ వైపు 2.3 శాతం. తీరా చూస్తే అయిదేళ్లలో స్టెంట్లు, బైపాస్‌లు రెండువైపులా దాదాపు సమానమే. తేడా ఎక్కడంటే, నాళంలో పేరుకున్న పాచి కంటికి కనపడటంతో కొలెస్ట్రాల్ మందులు, ఆస్పిరిన్ సరైనవాళ్లకు మొదలయ్యాయి. ఒక మామూలు బొమ్మ ఒక మామూలు మాత్రను మింగించింది. ఇది పత్రికలో మొదటి పేజీకి ఎక్కే వార్త కాదు.

ఎమ్మారై విషయంలో అసలు పోరాటమంతా సమయం మీదే. ఎమ్మారై నిజానికి బొమ్మ తీయదు. శరీరంలోని హైడ్రోజన్ ఇచ్చే రేడియో సంకేతాలను వరుసలు వరుసలుగా పోగేసి, అన్నీ వచ్చాక గణితంతో బొమ్మ కడుతుంది. ఒక్కో వరుసకు ఇంత సమయం అని ఉంటుంది, దాన్ని తగ్గించలేం. అందుకే ఆ గొట్టంలో అరగంట కదలకుండా పడుకోమంటారు. మరి కొన్ని వరుసలు వదిలేస్తే? 1999లో సంకేతాలు పట్టే తీగచుట్టలు (కాయిల్స్) అనేకం ఒకేసారి వినేలా చేసి కొన్ని వదిలేశారు. 2007లో లస్టిగ్, డోనోహో, పౌలీ అనే ముగ్గురు ఇంకా సాహసం చేశారు: బొమ్మలో నిజమైన సమాచారం చాలా తక్కువే కాబట్టి, వరుసలను ఒక పద్ధతి లేకుండా చెల్లాచెదురుగా వదిలేస్తే పడే చెత్త కూడా చెల్లాచెదురుగానే ఉంటుంది, దాన్ని ఏరేయవచ్చు అన్నారు. కంప్రెస్డ్ సెన్సింగ్ అంటారు. ఆ తర్వాత ఉదాహరణల నుంచి నేర్చుకునే ఏఐ, అంటే న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి 2018లో ఫాస్ట్‌ఎమ్మారై అనే పని మొదలుపెట్టి, 2020లో మోకాలి స్కాన్‌ను నాలుగో వంతు సమాచారంతోనే కట్టి, రేడియాలజిస్టులు రెండింటినీ ఒకేలా చదవగలుగుతున్నారని చూపించాయి. ఇప్పుడు పెద్ద కంపెనీల కొత్త మెషీన్లన్నిటిలోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటోంది.

నాకు ఇందులో సంతోషమూ ఉంది, అనుమానమూ ఉంది. నొప్పితో పడుకోలేని మనిషికి, భయపడే పిల్లవాడికి, అరగంట పది నిమిషాలైతే అది పెద్ద ఉపకారం. చాలామంది పిల్లలకు మత్తు తప్పుతుంది. కానీ నెట్‌వర్క్ కట్టిన బొమ్మ ఎప్పుడూ నున్నగా, శుభ్రంగా ఉంటుంది. పాత బొమ్మ చెడితే చెడినట్టు కనపడేది: కదిలితే నీడలు, తక్కువ సంకేతమైతే గింజలు గింజలుగా రొద. చూడగానే ‘ఇది నమ్మకూడదు’ అని తెలిసేది. కొత్తది తప్పైనా చక్కగానే ఉంటుంది. 2020లో ఒక పరిశోధక బృందం ఇలాంటి నెట్‌వర్కులను పరీక్షించి, కంటికి ఆననంత చిన్న మార్పు ఇన్‌పుట్‌లో చేసినా కొన్ని నెట్‌వర్కులు బొమ్మను ఘోరంగా చెడగొట్టడాన్నీ, చిన్న వివరాలు మాయం కావడాన్నీ చూపించింది. ఒకసారి మోకాలి చిప్ప వెనక మృదులాస్థి అద్దంలా నున్నగా కనపడితే, రోగి వయసుకూ నొప్పికీ అది పొసగక, టెక్నాలజిస్టును అడిగి ఒక్క సీక్వెన్స్ పాత పద్ధతిలో మళ్లీ తీయించాను. చిన్న చీలిక ఉంది. నెట్‌వర్క్ దాన్ని చెరిపేసిందో, మొదటిసారి స్లైస్ కోణం కలవలేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. అప్పటినుంచి మాత్రం మరీ అందమైన బొమ్మ వస్తే రెండోసారి చూస్తున్నాను.

అయస్కాంతాల బలం గురించి వార్తలు ఎక్కువ వస్తాయి కాబట్టి ఒక మాట. ఫ్రాన్స్‌లోని సాక్లేలో 132 టన్నుల బరువున్న 11.7 టెస్లా మెషీన్ ఉంది (అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు). 2024 ఏప్రిల్‌లో దాని మొదటి మనిషి మెదడు బొమ్మలు బయటపెట్టారు. నాలుగు నిమిషాల్లో 0.2 మిల్లీమీటర్ల వివరం. చూస్తే కళ్లు చెదురుతాయి. దానికి సరిగ్గా రెండో కొసన 0.064 టెస్లా బుల్లి మెషీన్ ఒకటి ఉంది, చక్రాల మీద తోసుకుంటూ ఐసీయూ మంచం దగ్గరికి తీసుకెళ్లేది. దానికి ఎఫ్‌డీఏ అనుమతి 2020లో వచ్చింది. దాని బొమ్మ మసకగా, పాతకాలం ఎమ్మారైలా ఉంటుంది. ఈ రెండింట్లో రోగులకు ఎక్కువ పనికొచ్చేది రెండోదేనని నా అభిప్రాయం. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని గొట్టాలతో సహా ఎమ్మారై గదికి తరలించడం ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆ ట్రాలీ వెంట నడిచినవాళ్లకు తెలుసు. మెదడులో రక్తం చిమ్మిందా, నీరు పెరిగిందా అని తెలుసుకోవడానికి మసక బొమ్మ సరిపోతుంది. మామూలు మెషీన్లలో అయస్కాంతాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం సుమారు 1,500 లీటర్లు ఉంటే, సీలు వేసిన కొత్త రకం అయస్కాంతాలు 7 లీటర్లతో నడుస్తున్నాయి. అది కూడా నిశ్శబ్దంగా జరిగిన పెద్ద మార్పే.

మీరు ‘చికిత్స’ అని కూడా అడిగారు కదా, అసలు మలుపు అక్కడుంది. పెట్ స్కాన్‌తో మొదలుపెడదాం. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర లాంటి పదార్థాన్ని నరంలోకి ఇస్తారు, ఆకలిగా ఉన్న కణాలు దాన్ని మింగుతాయి. దాంట్లోంచి వచ్చే పాజిట్రాన్ అనే కణం దగ్గర్లో ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిక్కులకు పరుగెడతాయి. చుట్టూ ఉన్న రింగు ఆ జంటను పట్టుకుంటుంది. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది, కాబట్టి అంతా ఉరుకుల పరుగుల వ్యవహారం. ఇందులో తమాషాలు కూడా ఉంటాయి. సూది వేశాక గంటసేపు వెచ్చని గదిలో మాట్లాడకుండా కూర్చోబెడతాం. చలికి వణుకుతూ వచ్చినవాళ్లలో మెడ దగ్గర ఒంటిని వెచ్చబరిచే గోధుమరంగు కొవ్వు దీపాల్లా వెలుగుతుంది. చూయింగ్ గమ్ నమిలినవాళ్ల దవడ కండరాలు వెలుగుతాయి. ఆ గంటసేపూ ఫోన్‌లో కబుర్లు చెప్పుకున్నవాళ్ల స్వరపేటిక వెలుగుతుంది. కొత్తగా చేరిన డాక్టర్ వాటిని క్యాన్సర్ అనుకుని కంగారు పడటం ప్రతి ఏడాదీ జరిగేదే.

మామూలు పెట్ రింగు ఒకేసారి శరీరంలో 20, 25 సెంటీమీటర్ల మేరే చూడగలదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ, రామ్సీ బదావీ బృందం 194 సెంటీమీటర్ల పొడవున్న రింగు కట్టించి 2018లో మొదటి మనుషుల బొమ్మలు చూపించింది. తల నుంచి పాదాల దాకా ఒకేసారి. మొత్తం శరీరానికి లెక్కేస్తే పట్టుకునే శక్తి సుమారు 40 రెట్లు పెరుగుతుంది. దాన్ని తక్కువ మందుతో వాడుకోవచ్చు, లేదా తక్కువ సమయంతో. మందు గుండెలోంచి కాలేయానికి, అక్కణ్నుంచి మూత్రపిండాలకు ఎలా పారుతోందో సెకను సెకనుకూ చూడవచ్చు. కొత్త మందుల పరిశోధనకు ఇది బంగారం. మామూలు రోగికి అంత పొడుగు రింగు అవసరమా అన్నది ఇంకా తేలని లెక్క.

తేలిపోయినది వేరే ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద పీఎస్ఎంఏ అనే ప్రొటీన్ విపరీతంగా ఉంటుంది. దానికి అతుక్కునే చిన్న అణువు తయారుచేశారు. దాని తోకకు గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం కడితే పెట్ స్కాన్‌లో క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో కనపడుతుంది. దాదాపు అలాంటి అణువుకే గాలియం బదులు లుటీషియం-177 కడితే? లుటీషియం వదిలే బీటా కణాలు కణజాలంలో మహా అయితే రెండు మిల్లీమీటర్లు పోతాయి, అంటే అతుక్కున్న చోటే కాల్చేస్తాయి. స్కాన్‌లో వెలిగిన చోటికే మందు వెళుతుంది. లుటీషియం కాస్త గామా కూడా వదులుతుంది కాబట్టి, చికిత్స అయ్యాక మందు నిజంగా అక్కడికే చేరిందా అని మళ్లీ బొమ్మ తీసి చూడవచ్చు. నిర్ధారణకూ చికిత్సకూ మధ్య గోడ ఇక్కడ దాదాపు లేదు. ఈ పద్ధతిని థెరనోస్టిక్స్ అంటున్నారు. పేరు కొత్తదే గాని ఊహ పాతది. థైరాయిడ్ జబ్బుకు రేడియో అయోడిన్‌తో చికిత్స 1941లోనే మొదలైంది.

ఫలితం ఎంత? 2021లో వచ్చిన విజన్ ట్రయల్‌లో, మిగతా మందులు లొంగదీయలేని దశలో ఉన్న 831 మంది పురుషులను తీసుకున్నారు. మామూలు చికిత్సతో బతికిన కాలం మధ్యగతం 11.3 నెలలు, లుటీషియం కలిపితే 15.3 నెలలు. 2022 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. నాలుగు నెలలేనా అని మీకు అనిపించవచ్చు. ఆ దశలో నాలుగు నెలలు చిన్నవి కావు, అలాగని వార్తల్లో రాసినట్టు క్యాన్సర్ మాయం కావడమూ కాదు. పైగా లాలాజల గ్రంథులు కూడా ఆ అణువును లాక్కుంటాయి, స్కాన్‌లో బుగ్గల దగ్గర ఎప్పుడూ రెండు దీపాలు కనపడతాయి. చికిత్స తీసుకున్నవాళ్లు నోరు ఎండిపోతోందని చెప్పేది అందుకే. బొమ్మ చూసినప్పుడే ఆ ఇబ్బంది వస్తుందని చెప్పగలం, ముందే చెబుతాం కూడా.

నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైనది ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. చేతులు వణికే జబ్బు ఉన్న కొందరికి మందులు పనిచేయవు. కాఫీ కప్పు పట్టుకోలేరు, సంతకం చేయలేరు. గుండు చేయించి, 1,024 అల్ట్రాసౌండ్ మూలకాలున్న శిరస్త్రాణం లాంటిది తొడిగి ఎమ్మారైలో పడుకోబెడతారు. ఆ కిరణాలన్నీ పుర్రెను కోయకుండానే దాటి, మెదడు లోపల థలమస్‌లో కొన్ని మిల్లీమీటర్ల చోట కలుస్తాయి. నీటిలోని హైడ్రోజన్ సంకేతం వేడితోపాటు అతి కొద్దిగా జరుగుతుంది, డిగ్రీకి పది కోట్లలో ఒక వంతు చొప్పున. ఆ జరుగుడును కొలిచి, ఆ చుక్క దగ్గర ఎంత వేడి పుట్టిందో ఎమ్మారై ఎప్పటికప్పుడు చెబుతుంది. ముందు 50 డిగ్రీల లోపే వేడి చేసి ఆపుతారు. ఆ వేడికి కణాలు చావవు, కాసేపు మొద్దుబారతాయి. రోగిని బయటికి జరిపి, కాగితం మీద సుడి గీయమంటారు. మాటలో తడబాటు ఉందా, పెదవి తిమ్మిరెక్కిందా అని అడుగుతారు. చోటు సరైనదే అయితే 55, 60 డిగ్రీలకు తీసుకెళతారు. దీనికి 2016లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. నేను శిక్షణ కోసం వెళ్లిన చోట ఒకావిడ గీసిన కాగితాలు నాలుగు వరుసగా బల్ల మీద పరిచి ఉన్నాయి. మొదటిది కోడి కెలికినట్టు ఉంది. నాలుగోది గుండ్రటి సుడి. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది.

రేడియోథెరపీలో కూడా ఇదే దారి: 1.5 టెస్లా ఎమ్మారైలోనే రేడియేషన్ మెషీన్‌ను బిగించి, ఏ రోజుకు ఆ రోజు గడ్డ ఎక్కడుందో చూసి దానికి తగ్గట్టు కిరణాలు వేస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 2017లో మొదటి రోగులకు చేశారు. దీనివల్ల ఎంత లాభమో ఒక్కో క్యాన్సర్‌కు ఒక్కో రకంగా తేలుతోంది.

ఇక ఏఐ. 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు. అప్పుడు మా దగ్గర చేరాలా వద్దా అని ఊగిసలాడిన కుర్రాళ్లు ఇప్పుడు సీనియర్లు, ఊపిరి సలపనంత పనిలో ఉన్నారు. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావడానికి 2018లో వచ్చిన ఒక అధ్యయనం చాలు. ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా పట్టే నెట్‌వర్క్‌ను కొన్ని ఆసుపత్రుల బొమ్మలతో నేర్పించి, వేరే ఆసుపత్రి బొమ్మల మీద పెట్టి చూశారు. పనితనం పడిపోయింది. ఎందుకా అని తవ్వితే, నెట్‌వర్క్ ఊపిరితిత్తులతో పాటు ఎక్స్‌రే మూలన టెక్నీషియన్ పెట్టే లోహపు గుర్తును కూడా చూస్తోందని తేలింది. ఆ గుర్తును బట్టి ఇది ఏ ఆసుపత్రిదో పసిగట్టి, అక్కడ న్యుమోనియా ఎక్కువ కాబట్టి న్యుమోనియా అని చెబుతోంది. పరీక్షలో ప్రశ్న చదవకుండా మాస్టారి ముఖం చూసి జవాబు చెప్పే పిల్లవాడి తెలివి అది.

అయినా ఏఐ దండగ అని నేను అనను. స్వీడన్‌లో జరిగిన మసాయి ట్రయల్‌ను చూడండి. 80,033 మంది మహిళల మామోగ్రామ్‌లు, అంటే రొమ్ము ఎక్స్‌రేలు. అక్కడ ప్రతి బొమ్మను ఇద్దరు డాక్టర్లు చదవడం పద్ధతి. ఒక వర్గంలో ఏఐ ముందు చూసి, ప్రమాదం తక్కువ అన్నవాటిని ఒక్కరే చదివితే చాలని, ఎక్కువ అన్నవాటిని ఇద్దరూ చదవాలని విభజించింది. 2023లో వచ్చిన మొదటి ఫలితాల ప్రకారం చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. క్యాన్సర్లు వెయ్యికి 6.1 పట్టుబడ్డాయి, పాత పద్ధతిలో 5.1. గమనించండి, ఇక్కడ ఏఐ డాక్టర్‌ను తీసేయలేదు, ఎవరి కన్ను ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో చెప్పింది. ఉపయోగపడే ఏఐ అంతా ఇలాగే ఉంటుంది: రాత్రి వచ్చిన నలభై తల సీటీల్లో రక్తస్రావం ఉన్నదాన్ని వరుసలో పైకి తోసేది, ఊపిరితిత్తిలో మచ్చ ఘనపరిమాణం కొలిచిపెట్టేది.

ఎక్కువ క్యాన్సర్లు పట్టడమే గొప్ప అనుకోకండి. దక్షిణ కొరియాలో ఇతర క్యాన్సర్ల స్క్రీనింగ్‌కు వచ్చినవాళ్లకు మెడ అల్ట్రాసౌండ్ కూడా అలవాటుగా చేయడం మొదలుపెట్టారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ఎన్నటికీ హాని చేయని చుక్కల్ని వెతికి పట్టుకుని, వేలమందికి గ్రంథి తీసేసి, జీవితాంతం మాత్రలు మింగించారు. యంత్రం తప్పు చేయలేదు, ఉన్నదాన్నే చూపించింది. ఒంట్లో ఏ బాధా లేకపోయినా ‘పూర్తి శరీర ఎమ్మారై చేయించుకుంటాను’ అని ఎవరైనా అడిగితే నేను వద్దనేది ఇందుకే. ఏదో ఒక చుక్క దొరుకుతుంది, దొరికాక ఊరుకోలేరు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మెషీన్ కోసం వెతకొద్దు. స్కాన్ ఎందుకు రాశారో డాక్టర్‌ను అడిగి, ఆ చీటీలో స్పష్టంగా రాయించుకోండి. ‘తలనొప్పి’ అని ఒక్క మాట ఉంటే నేను ఒక రకంగా వెతుకుతాను, ‘మూడు వారాలుగా, పొద్దున్నే ఎక్కువ, ఒక కన్ను మసక’ అని ఉంటే వేరేగా వెతుకుతాను, వేరే సీక్వెన్సులు తీయిస్తాను. గుండెలో స్టెంట్, మూర్ఛకు ఆపరేషన్ ముందు వెతుకులాట, ప్రొస్టేట్ క్యాన్సర్ మళ్లీ తలెత్తిందన్న అనుమానం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం ఫలానా రకం మెషీన్ కావాలని డాక్టరే చెబుతారు, అప్పుడు వెళ్లండి. ఇంకొకటి, పాత స్కాన్లు ఏమున్నా వెంట తీసుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, బొమ్మలు కావాలి.

పోయిన నెల ఒకాయనకు దగ్గు అని సీటీ తీస్తే ఊపిరితిత్తిలో 8 మిల్లీమీటర్ల మచ్చ. ఆ సైజుకు పద్ధతి ప్రకారం కొన్ని నెలలకు మళ్లీ సీటీ తీసి చూడాలి. ఇంట్లో అందరూ బెదిరిపోయారు. పాతవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే, వాళ్ల అమ్మాయి మర్నాడు ఒక చిరిగిన కవరు పట్టుకొచ్చింది. ఆరేళ్ల కిందట బండి మీంచి పడినప్పుడు తీసిన ఛాతీ సీటీ, డిస్కు గీతలు పడి సగం తెరుచుకుంది. ఆ సగంలోనే ఉంది, అదే చోట, అదే 8 మిల్లీమీటర్లు. ‘పాత స్కాన్‌తో పోలిస్తే మార్పు లేదు, తదుపరి పరీక్షలు అక్కర్లేదు’ అని రాసి పంపించాను.